కడిగితే పోయే మైల

మా షెడ్డు తలుపు పక్కన గోడకు ఒక బోర్డు ఉంది. రాసింది నేనే. చెప్పులు బయట విడవాలి. కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి. జుట్టు కనబడకుండా టోపీ పెట్టుకోవాలి. జ్వరమో విరేచనాలో ఉన్నా, చేతి మీద పుండు ఉన్నా ఆ రోజు లోపలికి రాకూడదు. వక్కాకు, గుట్కా, బీడీ కూడదు. గాజు గాజులతో మిషన్ల దగ్గరికి పోకూడదు. చివరి వరుసలో, ఈ నియమాలు అందరికీ అని ఉంటుంది. ఆ చివరి వరుస రాయమని ఏ సర్టిఫికేషన్ సంస్థా అడగలేదు. నేనే కావాలని రాశాను, తక్కినవాటికన్నా పెద్ద అక్షరాలతో.

కదిరి చుట్టుపక్కల మెట్ట పల్లెల రైతులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం మాది. కొర్రలు, సామలు, అరికలు, బుడ్డలు (వేరుశనగలు) మా పంటలు. రసాయనాలు వాడకుండా పండించింది ఇక్కడికి తెచ్చి, రాళ్లు తీసి, పొట్టు తీసి, జల్లించి, ప్యాకెట్లు కట్టి బెంగళూరుకూ హైదరాబాదుకూ పంపుతాం. నా పని రిజిస్టర్లు చూసుకోవడం. ఏ బస్తా ఏ రైతుది, ఏ సర్వే నంబరులో పండింది, ఏ రోజు మిషన్లో పోశాం, అంతకుముందు ఆ మిషన్లో ఏం ఆడించాం, ఎన్ని కిలోల కొర్రలకు ఎన్ని కిలోల బియ్యం దిగాయి, నూక ఎంత, తవుడు ఎంత. ఈ లెక్కలన్నీ ఒకదానితో ఒకటి సరిపోతేనే లాటు నంబరు పడుతుంది. వంద కిలోలు పోసిన చోట నూట పది కిలోలు దిగాయని రాసి ఉంటే, బయటి ధాన్యం కలిసిందని తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకం చూసే చెప్పేస్తారు.

మా అమ్మ కూడా కొర్రలు దంచేది. ఊళ్లో ఒక పెద్దింటి వసారాలో, రోట్లో పోసి. అక్కడి నియమాలు ఏ బోర్డు మీదా ఉండేవి కావు, అయినా అందరికీ తెలుసు. పొట్టుతో ఉన్న గింజను ఎవరు ముట్టుకున్నా మైల లేదు. అమ్మ దంచి, చెరిగి, చాటలో పోసిన బియ్యాన్ని ఇంటామె నీళ్లు చిలకరించి లోపలికి తీసుకుపోయేది. అవి ఉడికి అన్నమైన తర్వాత మాత్రం అమ్మ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఆమె చేతుల మీదుగా పోయిన గింజ గడప దాటేది, ఆమె దాటేది కాదు.

ఇప్పుడు గింజ శుద్ధికి కావలి ఉన్నది నేను. ఎవరు లోపలికి రావచ్చో ఎవరు రాకూడదో చెప్పేది నేను. శుద్ధి అన్న మాట వింటేనే ఒళ్లు ముడుచుకునే ఇళ్లల్లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు. అమ్మను ఆపిన గడపకూ నేను కాపలా కాస్తున్న గడపకూ తేడా ఏమిటి?

అది మూఢనమ్మకం, ఇది సైన్సు అని మా అబ్బాయి ఒక్క మాటలో తేల్చేస్తాడు. నాకు ఆ జవాబు చాలదు. పెద్దింటివాళ్లకూ వాళ్ల శాస్త్రం ఉండింది, దాన్ని వాళ్లు నిండు మనసుతో నమ్మారు. రేపు సైన్సు పేరు చెప్పి కూడా మనిషిని వసారాలో నిలబెట్టవచ్చు. తేడా ఇంకా లోపల ఎక్కడో ఉండాలి.

రామకృష్ణ మఠం వాళ్లు తెలుగులో వేసిన వివేకానందుని భక్తియోగంలో ఈ విషయం మీద కొన్ని పేజీలున్నాయి. ఆహారశుద్ధికీ మనశ్శుద్ధికీ ముడి ఉందని ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయం చివర వస్తుంది. దానికి శంకరులు ఒక అర్థం చెప్పారు, రామానుజులు ఇంకో అర్థం చెప్పారు. శంకరుల దృష్టిలో ఆహారమంటే నోటితో తినేది ఒక్కటే కాదు. కన్ను, చెవి, చర్మం లోపలికి తీసుకునేదంతా ఆహారమే. రాగద్వేషాలు అంటకుండా తీసుకుంటే అది శుద్ధి. రామానుజులు కంచంలోని అన్నం దగ్గరే నిలబడి మాట్లాడారు. అన్నానికి దోషం మూడు దారుల్లో వస్తుందన్నారు. పదార్థం స్వభావంలోనే ఉన్నది జాతి దోషం. అది ఎవరి నుంచి, ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆశ్రయ దోషం. మధ్యలో వెంట్రుకో దుమ్మో మరొకటో తగిలితే నిమిత్త దోషం.

ఇది చదివినప్పుడు మా షెడ్డు నియమాల పుస్తకం నాకు కొత్తగా కనిపించింది. జన్యుమార్పిడి విత్తనంతో పండిన పంటను ఎంత శుభ్రంగా ఆడించినా సేంద్రియం అనకూడదు. అది జాతి లెక్క. యూరియా వచ్చిన ఖాళీ సంచిలో కొర్రలు పోయడం, మామూలు ధాన్యం ఆడించిన మిషన్ను ఊడ్చి శుభ్రం చేయకుండా మన గింజ పోయడం, పురుగు పడుతుందని గోదాములో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు పెట్టడం, ఇవన్నీ నిమిత్తం. అందుకే మేం మిషన్ పూర్తిగా ఊడ్చిన తర్వాత కూడా మొదట దిగిన కొన్ని కిలోలను పక్కకు తీసి మామూలు ధాన్యంలో కలుపుతాం. పురుగుకు ఎండ, గాలి చొరబడని సంచులు, వేపాకు తప్ప మాకు వేరే ఆధారం లేదు. మిల్లెట్ ఆడించేవాళ్లకు తెలుసు, పొట్టు ఉన్నంతకాలం గింజకు దానిదే రక్ష. పొట్టు తీసిన తర్వాతే అన్ని బాధలూ మొదలవుతాయి. పెద్దింటివాళ్లు పొట్టుతో ఉన్న గింజకు మైల లేదన్నప్పుడు అందులో ఒక నిజం ఉండింది. ఆ నిజాన్ని తీసుకొచ్చి మా అమ్మ మీద పెట్టడంలో అన్యాయం జరిగింది.

అన్యాయమంతా ఆశ్రయం దగ్గరే ఉంది. ఎవరి చేతి నుంచి వచ్చిందన్నది అడగవలసిన ప్రశ్నే. దొంగ సొమ్ముతో వండిన కూడు, ఒకరి కడుపు కొట్టి తెచ్చిన కూడు తినకూడదనడంలో ధర్మం ఉంది. కానీ ఆ ప్రశ్న మనిషి చేసిన పనిని వదిలి మనిషి పుట్టుకను పట్టుకుంది. రామానుజుల జీవితకథలోనే దీనికి జవాబు ఉందని నాకనిపిస్తుంది. కంచిలో తిరుక్కచ్చి నంబి అనే భక్తుడు ఉండేవాడు. బ్రాహ్మణుడు కాదు. ఆయన తిన్న విస్తరిలో మిగిలింది ప్రసాదంగా తినాలని రామానుజులు ఆయన్ను భోజనానికి పిలిచారట. రామానుజులు ఇంట్లో లేని సమయంలో నంబి వచ్చి తిని వెళ్లిపోయాడు. రామానుజుల భార్య విస్తరి తీసి పారేసి, నేల అలికి, తలస్నానం చేసి మళ్లీ వంట మొదలుపెట్టింది. తిరిగొచ్చిన రామానుజులు అది చూసి కుమిలిపోయారని గురుపరంపర కథలు చెబుతాయి. అన్నానికి ఆశ్రయ దోషం ఉంటుందని భాష్యం రాసిన మనిషి, పుట్టుకలో ఆ దోషాన్ని చూడలేదు. ఆయన భార్యను నేను తప్పుపట్టలేను, ఆమెకు నేర్పింది అదే.

సర్టిఫికేషన్ నిబంధనల్లో ఆశ్రయమంటే మనిషి కాదు, నేల. మన దేశంలో ఈ లెక్కకు జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఆధారం. దాన్ని ఎన్‌పీఓపీ అంటారు. ఏడాది పంటలకు విత్తడానికి ముందు రెండేళ్లు, మామిడిలాంటి తోటలకు మొదటి కోతకు ముందు మూడేళ్లు ఆ నేలలో నిషిద్ధమైనవేవీ పడకూడదు. దాన్ని పరివర్తన కాలం అంటారు. ఆ లోపల పండిన గింజను సేంద్రియం అనకూడదు. ప్యాకెట్ మీద సేంద్రియం అని రాయాలంటే నీళ్లూ ఉప్పూ పోను నూటికి 95 పాళ్లు సేంద్రియ పదార్థమే ఉండాలి. మా బుడ్డలతో చిక్కీలు చేద్దామని ఆడవాళ్లు ఉత్సాహపడ్డారు గానీ, తెల్లబడటానికి హైడ్రోస్ వేసిన బజారు బెల్లం పోస్తే ఆ లెక్క అక్కడే తప్పిపోతుంది. 2017లో ఆహార భద్రత సంస్థ నిబంధనలు వచ్చాక జైవిక్ భారత్ గుర్తు కూడా తోడైంది.

మా ఇళ్లల్లో చావు జరిగితే మైల. బిడ్డ పుడితే పురుడు. ఆ ఇంటివాళ్లు ఎవరూ ఏ తప్పూ చేయలేదు. అయినా కొన్నాళ్లు గుడికి పోరు, దీపం పెట్టరు. పదకొండో రోజు తలంటు పోసుకుంటే తీరిపోతుంది. ఆ పదకొండు రోజులూ వాళ్లను ఎవరూ పాపులనరు, పైగా ఇరుగుపొరుగు వండి తెచ్చి పెడతారు. పరివర్తన కాలం కూడా నాకు అలాగే కనబడుతుంది. దానికి ఒక కారణం ఉంది, ఒక ముగింపు ఉంది, అందులో నింద లేదు. పాపం వేరు. తెలిసి చేసి, దాచిపెట్టి, ఇంకొకరిని మోసం చేస్తే అది పాపం. మా అమ్మ మీద పెట్టింది ఈ రెండూ కాదు. ఆమెకు అంటిందన్నదానికి కారణం లేదు, ముగింపు అసలే లేదు. ఎన్ని తలంట్లు పోసుకున్నా పోని మైల మనిషి మనిషికి చేసిన అపచారం. దాన్ని శుద్ధి అనడానికి నేను ఒప్పుకోను.

మైల, పాపం, అపచారం, ఈ మూడింటినీ కలపకుండా చూసుకోవడమే మా పనిలో అన్నిటికన్నా కష్టం. గాలివాటం కేసులో అది నాకు బాగా తెలిసింది.

మా వైపు నైరుతి గాలి కాలంలో మనిషిని తోసేంత గాలి వీస్తుంది. సంఘంలో ఒక రైతు గట్టు వెంబడి సజ్జ సాళ్లు ఒత్తుగా వేశాడు, పక్క చేలో మందు కొడితే అడ్డుకోవాలని. నిబంధన చెప్పినట్టే చేశాడు. పక్కాయన టమాటాకు మందు కొట్టిన రోజు గాలి ఎటు తిరిగిందో ఏమో, మా రైతు పంట నమూనాలో మందు అవశేషం తేలింది. కొన్న కంపెనీ పెట్టుకున్న గీత కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఐరోపాలో ప్రత్యేక పరిమితి లేని పురుగుమందులన్నింటికీ అదే గీత. వంద టన్నుల గింజల్లో ఒక్క గ్రాము అన్నమాట. కాగితం చదివి వినిపిస్తుంటే ఆయన నా మొహం వంక చూడలేదు. “నేను కొట్టలేదక్కా, మా పిల్లల మీద ఒట్టు” అన్నాడు. ఒట్టు పెట్టమని ఎవరూ అడగలేదు. ఆ మాట ఆయన నోటి నుంచి ఎందుకొచ్చిందో ఆలోచిస్తే నాకు కడుపులో తిప్పింది. మైల అంటిన మనిషి తనను పాపి అనుకుంటారని భయపడ్డాడు.

కమిటీలో కొందరు ఆయన పేరు కొట్టేయాలన్నారు. ఒకరి వల్ల అందరి సర్టిఫికెట్టూ పోతుందన్న భయం వాళ్లది, అది ఉత్త భయం కాదు. గుంపుగా సర్టిఫికెట్ తీసుకునేవాళ్లకు లోపలి తనిఖీ వ్యవస్థ ఒకటి ఉండాలి. బయటివాళ్లు కొన్ని చేలనే నమూనాగా చూస్తారు. ఆ కొన్నింట్లో మా తనిఖీ సరిగా లేదని తేలితే గుంపు మొత్తానికీ దెబ్బ. అయినా నేను పేరు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఆ పంటను మామూలు ధాన్యంగా అమ్మాలి, అందులో మాట తేడా లేదు. గట్టు వైపు ఇంకా ఎడం పెంచాలి, పక్కాయనతో మాట్లాడాలి, జరిగింది జరిగినట్టు రాయాలి. కానీ మనిషిని శిక్షించకూడదు. చేయని తప్పుకు శిక్ష పడుతుందని తెలిస్తే రేపు ఇంకో రైతు పక్క చేలో మందు కొట్టడం చూసి కూడా మనకు చెప్పడు. మైలను పాపంగా చూస్తే జనం మైలను దాస్తారు. దాచిన రోజున అది నిజంగా పాపమవుతుంది, ఆ పాపంలో మనకూ వాటా ఉంటుంది. అలా వాదించాను. చాలాసేపు గొడవ జరిగాక ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు తమంతట తామే వచ్చి, మా పక్క చేలో ఫలానా రోజు మందు కొట్టారు రాసుకో అక్కా అని చెప్పిపోయారు.

రాత్రిపూట మందు కొట్టి పొద్దున్నే కొట్టలేదని సంతకం పెట్టినవాళ్లు అసలు లేరని చెప్పను. వాళ్ల సంగతి వేరు. వాళ్లు గుంపు ముందు నిలబడి చెప్పుకోవాలి, మళ్లీ మొదటి నుంచి కాలం గడపాలి. దానికి కూడా ముగింపు ఉండాలని నా పట్టుదల. పీజీఎస్ అనే పద్ధతిలో ఈ ఆలోచనకు చోటుంది. రైతులే ఒకరి చేను ఒకరు చూసుకుని, నలుగురిలో ప్రమాణం చేసి, ఒకరికొకరు పూచీ పడతారు. 2004లో బ్రెజిల్లోని తోరెస్ పట్టణంలో జరిగిన సమావేశంలో ఈ పద్ధతికి ఆ పేరు స్థిరపడింది. మన దేశంలో 2011 నుంచి కేంద్ర వ్యవసాయ శాఖ కింద నడుస్తోంది. పక్కూరి రైతు వచ్చి చేనంతా తిరిగి చూస్తుంటే మొదట్లో అందరికీ మొహమాటంగానే ఉండేది. కానీ ఆకు రంగు చూసి యూరియా పడిందో లేదో చెప్పగలిగేది ఆ పక్కూరి రైతే.

దేవుడు చూస్తున్నాడు, ఇంక ఈ కాగితాలెందుకని మా దగ్గర కొందరు పెద్దలంటారు. తిరుమలలో 2021 మే నుంచి గో ఆధారిత సేద్యంలో పండిన వాటితో స్వామివారికి నైవేద్యం పెట్టడం మొదలుపెట్టారు కదా, ఆయన రిజిస్టరు అడిగాడా అని కూడా అంటారు. దేవుడు చూస్తాడనే నేనూ నమ్ముతాను. కానీ దేవుడికి చూపించడానికి నేను రాయడం లేదు. బెంగళూరులో ఎవరో ఒకామె పసిబిడ్డకు మొదటిసారి కొర్రజావ కాచి పెడుతుంది. ఆమె మా మొహాలు ఎప్పుడూ చూడదు. ఈ గింజ మీద ఏం చల్లారు, ఏ సంచిలో పోశారు, ఎవరు ముట్టుకున్నారు అని అడగాలని ఉన్నా అడిగే దారి ఆమెకు లేదు. ఆమె అడగలేని ప్రశ్నకు ముందే జవాబు రాసి పెట్టుకోవడం నా ధర్మం. ఎదురుగా లేని మనిషికి కూడా జవాబుదారీగా ఉండటం కన్నా పెద్ద పూజ నాకు తెలియదు. పెద్దింటివాళ్ల మడిలో కూడా నిష్ఠ ఉండింది, కాదనను. ఆ నిష్ఠ వాళ్ల శుద్ధి కోసం. ఇక్కడ పడే శ్రమ తినేవాళ్ల కోసం.

కాగితం ఉన్నంత మాత్రాన నిజం ఉన్నట్టు కాదని కూడా నాకు తెలుసు. 2020 సెప్టెంబరులో మన దేశం నుంచి పోయిన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని బెల్జియం పట్టుకుంది. సేంద్రియమని రాసి ఉన్న నువ్వుల్లో కూడా అది దొరికింది. చేనులో ఎవరూ చల్లలేదు. సాల్మొనెల్లా సూక్ష్మజీవి లేకుండా చేయడానికి ప్రాసెసింగ్ దగ్గర ఆ వాయువు పట్టించారు. ఐరోపాలో ఆహారానికి అది నిషిద్ధం. ఒక అశుద్ధి పోగొట్టాలన్న తొందరలో ఇంకో అశుద్ధి చేరింది. ఆ తర్వాత ఐరోపా మన నువ్వుల్లో సగం సరుకును సరిహద్దు దగ్గర పరీక్షించడం మొదలుపెట్టింది. 2021 జనవరిలో అమెరికా మన తనిఖీ వ్యవస్థకు ఇచ్చిన గుర్తింపునే ఎత్తేసింది. రైతు చేనులో ఏళ్ల తరబడి కాపాడుకొచ్చింది మిషన్ దగ్గర ఒక్క పూటలో పోతుంది. అందుకే షెడ్డులో పనిచేసే మేం రైతుకన్నా ఎక్కువ భయభక్తులతో ఉండాలి.

సహజమైనదంతా మంచిదేనన్న నమ్మకం కూడా మా పనిలో నిలబడదు. బుడ్డల్లో బూజు వల్ల అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. కాయ ముదిరే వేళకు వాన మొహం చాటేస్తే అది ఎక్కువవుతుంది, మా జిల్లాలో అది మామూలే. ఏ కంపెనీ తయారు చేయలేదు, ఏ రైతూ చల్లలేదు, భూమిలోంచే వచ్చింది, అయినా కాలేయాన్ని తినేస్తుంది. నేరుగా తినే బుడ్డల్లో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా తీసుకోదు. దాన్ని కన్ను పట్టలేదు. ముడుచుకుపోయిన పలుకు, రంగు మారిన పలుకు, పగిలిన పలుకు ఏరి తీసేయడమే చేతనైన పని. ఆ పని మా ఆడవాళ్లు చేస్తారు. పొడవాటి బల్లకు రెండు వైపులా కూచుని, రెండు చేతులతో పలుకులను తమ వైపు లాక్కుంటూ, మాటలు ఆపకుండా, చెడ్డ పలుకును వేలి కొసతో ఎగరగొడతారు. మిషన్ వదిలేసింది వాళ్ల వేళ్లు వదలవు.

గాజుల సంగతి ఆ బల్ల దగ్గరే వచ్చింది. గాజు పెంకు పలుకుల్లో పడితే ఎవరి గొంతులో దిగుతుందో తెలియదు. తనిఖీకి వచ్చిన సారు గాజులు తీయించాలన్నాడు. ఆయన చెప్పింది సరైనదే. కానీ నేను ఆ మాట చెప్పేసరికి బల్ల చుట్టూ చేతులు ఆగిపోయాయి. “మొగుడు బతికుండగా చేతులు బోడిగా పెట్టుకుని కూచోమంటాండావా అక్కా?” అని ఒక పెద్దామె నిలదీసింది. ఆ గదిలో గాజులు లేని చేతులు ఒక్కామెవే. భర్త పోయి చాలా కాలమైంది. ఊళ్లో పేరంటానికి ఎవరూ పిలవరు, పెళ్లిపందిట్లో వెనక వరసలో కూచుంటుంది. బోర్డు ప్రకారం మాత్రం ఏ అడ్డూ లేకుండా మిషన్ దగ్గరికి పోగలిగింది ఆమె ఒక్కతే. ఒక గడప ఆపిన మనిషిని ఇంకో గడప ముందు పిలిచింది. నాకు అది చూసి సంతోషం కలగలేదు. ఒకరిని బయట నిలబెట్టడానికి ఇంకో గుర్తు దొరికినట్టు అనిపించింది, ఈసారి గాజులున్న వాళ్లను.

దారి చూపించింది ఆమే. మణికట్టు నుంచి మోచేతి దాకా వచ్చే గుడ్డ తొడుగులు, రెండు కొసల్లో ఎలాస్టిక్ పెట్టి, తనే కుట్టి తెచ్చింది. గాజులు తొడుగు లోపల ఉంటాయి, పగిలినా పెంకు బయట పడదు. అందరం తొడుక్కుందాం, నేనూ తొడుక్కుంటాను అంది. ఇప్పుడు బల్ల దగ్గర ఎవరి చేతికి గాజులున్నాయో ఎవరికి లేవో చూస్తే తెలియదు. మళ్లీ తనిఖీకి వచ్చినప్పుడు సారు ఆ తొడుగులు విప్పించి చూశాడు, అతుకులు లాగి చూశాడు, రోజూ ఉతుకుతున్నారా అని అడిగి రాసుకున్నాడు. నియమాన్ని ప్రశ్నించవచ్చు, కారణం అడగవచ్చు, కారణం తీరేలా ఇంకో దారి చూపిస్తే నియమం మారుతుంది. మా అమ్మ పెద్దింటి గడప దగ్గర కారణం అడిగి ఉంటే ఏం జరిగేదో నాకు చెప్పనక్కరలేదు. నేను వెతుకుతున్న తేడాలో ఎక్కువ భాగం ఇక్కడే దొరికింది.

వేమన సమాధి ఉన్న కటారుపల్లి మాకు దూరం కాదు. మనసు శుద్ధినీ కుండ శుద్ధినీ పూజనూ ఒకే పద్యంలో పక్కపక్కన పెట్టి అడిగిన మనిషి ఆయన. ఆ పద్యం చెప్పి కుండ కడగడం ముఖ్యం కాదు, మనసే ముఖ్యం అనేవాళ్లను చూశాను. ఆయన కుండను తక్కువ చేయలేదు. కుండ కడగాలన్నది అందరికీ ఎంత తెలిసిన సంగతో, మనసు కడగాలన్నదీ అంతే తెలిసి ఉండాలన్నాడు. మా మిషన్ కడిగేటప్పుడు నాకు ఆయన గుర్తొస్తాడు.

కానీ మా నిబంధనల్లో ఒకచోట కడిగినా పోని మైల ఇంకా ఉంది. ఆ సంగతి చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు.

మా సంఘం పక్కనే కౌలు సేద్యం చేసే ఒకామె ఉంది. సొంత భూమి సెంటు లేదు. మందులు కొనడానికి డబ్బులు లేక కాదు, కొట్టకూడదనే కొట్టదు. పేడ, మూత్రం, వేప పిండి, చేతి కలుపు, అంతే. ఆమె కొర్రలు మా షెడ్డులో దిగిన కొర్రల్లోకెల్లా బరువైనవి. వాటిని నేను మామూలు గదిలో పెట్టిస్తాను, ఎందుకంటే ఆమె చేను ఏటా మారుతుంది. ఒకే చేను ఎక్కువ కాలం ఇస్తే హక్కు పెట్టేస్తారని యజమానులకు భయం. రాష్ట్రంలో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద యజమాని ఒప్పుకుంటే కౌలుదారుకు కార్డు వస్తుంది, దాని గడువు 11 నెలలు. సేంద్రియమనడానికి నేలకు రెండేళ్లు కావాలి. పదకొండు నెలల చొప్పున నేల మారే మనిషికి ఆ రెండేళ్లు ఎప్పటికీ నిండవు. చేతులు ఎంత శుభ్రంగా ఉన్నా, మనసు ఎంత నిష్ఠగా ఉన్నా ఆమె పరివర్తన కాలం దాటలేదు. నిబంధన రాసినవాళ్లు ఆమెను దూరం పెట్టాలని రాయలేదు. వాళ్ల కళ్ల ముందు సొంత పట్టా ఉన్న రైతే ఉన్నాడు. అయినా ఆమెకు జరిగేది మా అమ్మకు జరిగిందే. ఆమె గింజకు షెడ్డులో చోటుంది, ఆమె పేరుకు లేదు.

రూలు రూలే అని కమిటీలో ఒకాయన అన్నాడు. రూలు తప్పమని నేనూ అనడం లేదు. ఆమె కొర్రలను మొహమాటానికి సేంద్రియ గదిలోకి తోసేస్తే, బెంగళూరు తల్లికి నేను రాసిచ్చిన జవాబు అబద్ధమవుతుంది. కానీ ఏళ్లుగా ఏమీ వేయని నేలకు తగిన ఆధారాలుంటే పరివర్తన కాలాన్ని తగ్గించే వీలు ఆ నిబంధనల్లోనే ఉంది. బీడు పడి ఉన్న భూములు మా చుట్టుపక్కల తక్కువేం కాదు. అలాంటి భూమి ఒకటి ఆమెకు వరసగా మూడేళ్లు కౌలుకు దొరికితే చాలు.

ఆమెనూ వెంటబెట్టుకుని ఒక యజమాని ఇంటికి వెళ్లాను. ఆయన భూమి చాలా కాలంగా బీడే. కౌలు కార్డు వల్ల యాజమాన్య హక్కుకు ఏ నష్టమూ లేదని చట్టంలో ఉన్న మాట చదివి వినిపించాను. కుర్చీ వేసి ఇద్దరినీ కూచోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు. మూడేళ్లంటే మా వాడిని అడగాలమ్మా, ఉగాదికి వస్తాడు అన్నాడు. బీడు పడి ఉందని గ్రామంలో ఎవరెవరు చెప్పగలరో వాళ్ల సంతకాలు ఈలోగా తీసుకుంటున్నాం. ఈ ఏడు ఆమె కొర్రలు మామూలు గదిలోనే ఉన్నాయి, కానీ వేరేవాటిలో కలపలేదు. ఏ చేను, ఏ విత్తనం, ఏ రోజు విత్తింది, ఏ రోజు కోసింది, ఏ సంచిలో తెచ్చింది అన్నీ రాసి విడిగా నంబరు వేయించాను. మామూలు ధాన్యానికి ఆ వివరాలు ఎవరూ అడగరు. ఉగాదికి కొడుకొచ్చి సంతకం పెడితే, ఆమె సేద్యం ఎలాంటిదో చెప్పడానికి కాగితం చేతిలో ఉండాలి.